‘ఫిడేలు రాగాల డజన్’ నుంచి ‘సంస్కార’ వరకు: కన్నడ నవ్య చిత్రానికి దారితీసిన తెలుగు కవి

తెలుగు సాహిత్య చరిత్ర గ్రంథాలలో పఠాభి పేరు ఒకే ఒక్క పుస్తకంతో ముడిపడి కనిపిస్తుంది. 1939లో వెలువడిన ‘ఫిడేలు రాగాల డజన్’ గురించి రెండు మూడు పేరాలు రాసి, ఆ తర్వాత కవి సినిమా రంగంలోకి వెళ్ళిపోయాడని ఒక వాక్యం చేర్చి, ప్రకరణం ముగించడం మనకు అలవాటు. కన్నడ చలనచిత్ర చరిత్ర మరో కొస నుంచి మొదలవుతుంది. 1970లో ‘సంస్కార’ తీసి కన్నడంలో కొత్త అలకు నాంది పలికిన దర్శకుడు పట్టాభిరామరెడ్డి అని అది చెబుతుంది. ఆయన తెలుగు కవి కూడా అని ఒక మాట జోడిస్తుంది. ఈ ఇద్దరూ ఒకరే అన్న సంగతి అందరికీ తెలిసినదే. అయినా మొదటి సగం తెలుగువారి దగ్గర, రెండో సగం కన్నడిగుల దగ్గర ఉండిపోయాయి. ఆ రెండు సగాలనూ ఒకచోట పెట్టి చదివితే ఏం తెలుస్తుందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కర్ణాటకలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి చరిత్ర రాసేటప్పుడు మనం సాధారణంగా శాసనాలు, వలసలు, వృత్తులు, మాండలికాలు లెక్కలోకి తీసుకుంటాం. ఒక తెలుగువాడు పొరుగు భాషలో, ఆ భాషవారితో కలిసి చేసిన పని ఈ లెక్కలో ఎక్కడ చేరాలి అన్నది ఇంకా తేలని ప్రశ్న. పఠాభి జీవితం ఆ ప్రశ్నకు మంచి ఉదాహరణ.

నవ్య చిత్రానికి పూర్వరంగం

సమాంతర సినిమా, ఆర్టు సినిమా, నవ్య చిత్రం అని మనం రకరకాలుగా పిలుచుకొనే ధోరణి మన దేశంలో ఒక్కసారిగా పుట్టలేదు. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ ఏర్పడింది. 1952లో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు కూడా వచ్చింది. ఇటలీ నవ్య వాస్తవికతకు నమూనాగా నిలిచిన ‘బైసికిల్ థీవ్స్’, జపాను చిత్రం ‘రషోమన్’ మనవారు చూసింది ఆ ఉత్సవంలోనే. స్టూడియో గోడల మధ్య గాక వీధిలో, పేరున్న తారలతో గాక మామూలు మనుషులతో సినిమా తీయవచ్చునన్న నమ్మకం ఆ చిత్రాలు కలిగించాయి. 1955లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ ఆ నమ్మకాన్ని మన గడ్డ మీదే రుజువు చేసింది.

1960లో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ నెలకొల్పింది. 1969లో ఆ సంస్థ అప్పు మీద మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’, మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’ తయారయ్యాయి. హిందీలో కొత్త సినిమా ఈ రెండు చిత్రాలతో మొదలైందని విమర్శకులు లెక్కిస్తారు. ఆ మరుసటి ఏడాదే కన్నడంలో ‘సంస్కార’ వచ్చింది. అయితే అది ప్రభుత్వ ఋణంతో పుట్టిన చిత్రం కాదు. అది ఒక కవి, ఒక రంగస్థల నటి, వారి స్నేహితులు కలిసి చేసిన పని. ఆ స్నేహితులు ఎలా కలిశారో తెలుసుకోవాలంటే కవి దగ్గర మొదలుపెట్టాలి.

నెల్లూరు నుంచి న్యూయార్కు మీదుగా

తిక్కవరపు పట్టాభిరామరెడ్డి 1919 ఫిబ్రవరి 19న నెల్లూరులో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. శాంతినికేతనంలో టాగూరు ప్రభావం ఆయన మీద పడింది. ఆ తర్వాత న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి గణితం చదవడానికి వెళ్ళాడు. నాటకం, సినిమాల మీద ఆసక్తి అక్కడ మరింత బలపడింది.

ఇరవై ఏళ్ళ వయసులో ఆయన వెలువరించిన ‘ఫిడేలు రాగాల డజన్’కు శ్రీశ్రీ పీఠిక రాశాడు. ‘మహాప్రస్థానం’ పుస్తక రూపంలో వచ్చింది 1950లో కాబట్టి, పఠాభి పుస్తకం దానికంటే పదకొండేళ్ళు ముందే పాఠకుల చేతికి అందిందన్నమాట. భావకవిత్వం ఇంకా మన్ననలు పొందుతున్న రోజులవి. ఆ రోజుల్లో ఒక యువకుడు ఛందస్సు నడుము విరగగొడతానని, వ్యాకరణాన్ని లెక్కచేయనని ప్రకటించుకొని, నగర జీవితాన్నీ, వీధి భాషనూ, ఇంగ్లీషు మాటలనూ కవిత్వంలోకి దించాడు. పుస్తకం పేరులోనే ఆ పద్ధతి కనిపిస్తుంది. అటూ ఇటూ రెండు ఇంగ్లీషు మాటలు, వాటి మధ్య ఒక సంస్కృత పదం; మూడూ కలిసి తెలుగు పేరయ్యాయి. పండితులకు కష్టం కలిగించినదీ, యువకులను ఆకర్షించినదీ కూడా ఈ కలగలుపే. తరువాతి కాలంలో మాటల విరుపులతో కూర్చిన పుస్తకానికి ‘పఠాభి పన్‌చాంగం’ అని పేరు పెట్టడం చూస్తే ఆ చిలిపితనం ఆయన్ను చివరిదాకా వదలలేదని తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పఠాభి తిరుగుబాటు ప్రధానంగా శుద్ధి మీద తిరుగుబాటు. ఏ మాట కవిత్వానికి పనికివస్తుంది, ఏ మాట అంటరానిది అని గీసిన గీతను ఆయన చెరిపివేశాడు. భాషలో మడి పాటించనన్న ఈ పట్టుదలను గుర్తుంచుకుంటే, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆయన ఎంచుకొన్న కథ మనకు అంతగా ఆశ్చర్యం కలిగించదు.

మద్రాసులో రెండు విద్యలు

ఆ ముప్ఫై ఏళ్ళలో ఆయన నేర్చుకొన్న విద్యలు రెండు. రెండూ మద్రాసులోనే.

మొదటిది స్టూడియో విద్య. కె.వి. రెడ్డి దర్శకత్వంలో జయంతి పిక్చర్స్ తీసిన చిత్రాలలో పట్టాభి భాగస్వామి. 1958లో వచ్చిన ‘పెళ్లినాటి ప్రమాణాలు’ ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకొంది. 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’, 1968లో ‘భాగ్యచక్రము’ వచ్చాయి. కాగితం మీద లెక్క తేలందే కెమెరా ముందుకు పోని క్రమశిక్షణకు కె.వి. రెడ్డి పెట్టింది పేరు. ఆయన దగ్గర శిష్యరికం చేసినవారిలో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు ఒకరు.

రెండవది రంగస్థల విద్య. ఇది పట్టాభికి భార్య స్నేహలత ద్వారా అబ్బింది. 1932లో పుట్టిన స్నేహలత నాట్యం, నాటకం రెండింటిలోనూ కృషి చేసింది. మద్రాసులో ఇంగ్లీషు నాటకాలు ఆడే ‘మద్రాస్ ప్లేయర్స్’ సంస్థ స్థాపకులలో ఆమె ఒకరు. 1963 నుంచి 1970 వరకు మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగం చేసిన గిరీష్ కర్నాడ్ ఆ సంస్థలో సభ్యుడు. మద్రాసు శివార్లలో 1966లో ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామంలో మైసూరు నుంచి వచ్చిన చిత్రకారుడు ఎస్.జి. వాసుదేవ్ ఉండేవాడు. నాటకం, చిత్రకళ, సాహిత్యం, రాజకీయం కలిసే ఇల్లుగా రెడ్డి దంపతుల ఇల్లు పేరుపొందింది.

రాజకీయం అన్న మాట ఇక్కడ ఊరక వాడినది కాదు. పట్టాభి, స్నేహలత ఇద్దరూ రామ్ మనోహర్ లోహియా భావాలకు ఆకర్షితులైనవారు. కులాన్ని తొలగించకుండా ఈ దేశంలో సమత్వం రాదన్నది లోహియా వాదం. కన్నడ నవ్య సాహిత్యంలో యు.ఆర్. అనంతమూర్తి, పి. లంకేశ్‌ల వంటి రచయితలు ఈ ఆలోచనతో పెరిగినవారే. భాషలు వేరైనా ఆలోచన ఒకటి కావడం వల్లనే మద్రాసు తెలుగు ఇంటికీ మలెనాడు కన్నడ నవలకూ మధ్య దారి ఏర్పడింది.

ఒక సినిమా నుంచి నవల, నవల నుంచి సినిమా

‘సంస్కార’ నవల 1965లో వెలువడింది. అనంతమూర్తి అప్పుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. నవల పుట్టిన వైనాన్ని ఆయన తరువాత పలుమార్లు చెప్పాడు. తన గురువు, నవలా రచయిత మాల్కం బ్రాడ్‌బరీతో కలిసి ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన ‘ది సెవెంత్ సీల్’ చిత్రాన్ని ఉపశీర్షికలు లేకుండానే చూశాడు. ఐరోపావాసి తన మధ్యయుగాన్ని పుస్తకాలలో వెతికి మళ్ళీ కట్టుకోవలసి ఉంటుందనీ, భారతీయుడికి మధ్యయుగం ఇంకా ఇంటి పక్కనే బతికి ఉందనీ ఆ సందర్భంలో గురువుతో అన్నాడు. ఆ మాటే రాయమన్నాడు గురువు. బెర్గ్‌మన్ చిత్రంలో మహమ్మారి వ్యాపించిన నేల మీద ఒక వీరుడు దేవుణ్ణి వెతుక్కుంటాడు. అనంతమూర్తి నవలలో ప్లేగు సోకిన అగ్రహారంలో ఒక పండితుడు ధర్మం వెతుక్కుంటాడు.

కథ చాలామందికి తెలిసినదే. దుర్వాసపురం అనే మాధ్వ బ్రాహ్మణ అగ్రహారంలో ఆచారం విడిచి బతికిన నారణప్ప చనిపోతాడు. శవానికి సంస్కారం ఎవరు చేయాలి? చేస్తే తమకు మైల. చేయకపోతే ఊరంతటికీ భోజనం లేదు. తీర్పు చెప్పవలసిన ప్రాణేశాచార్యుడు గ్రంథాలు తిరగేస్తాడు, దేవుణ్ణి అడుగుతాడు; జవాబు దొరకదు. ఎలుకలు రాలుతుంటాయి, శవం కుళ్ళుతుంటుంది. ఆచార్యుడు నారణప్ప ఉంపుడుకత్తె చంద్రితో ఒక రాత్రి గడిపి, ఆ తర్వాత తానెవరో తెలియని స్థితిలో ఊరు విడిచి తిరుగుతాడు. శవాన్ని చివరకు చంద్రి ఒక ముస్లిం సహాయంతో రహస్యంగా దహనం చేయిస్తుంది.

‘సంస్కారం’ అన్న మాట తెలుగు, కన్నడ భాషలకు ఉమ్మడి ఆస్తి. దహన సంస్కారమూ అదే, మనిషికి ఉండవలసిన సంస్కారమూ అదే. నవలా నామాన్ని ఇంగ్లీషు పాఠకులకు అందించడానికి అనువాదకుడు ఎ.కె. రామానుజన్ 1976లో ఆ మాటకున్న అర్థాలన్నీ పట్టికగా ఇవ్వవలసి వచ్చింది. తెలుగు కవికి అటువంటి పట్టిక అవసరం లేదు. మాట తనదే, సమస్యా తనదే. ఇంతకుముందు భాషలో మడిని ప్రశ్నించినవాడు ఇప్పుడు మనుషుల మధ్య మడిని ప్రశ్నించే కథను చేతిలోకి తీసుకొన్నాడు.

చిత్ర నిర్మాణం

గిరీష్ కర్నాడ్ చిత్రానువాదం సిద్ధం చేసి ప్రాణేశాచార్యుడి పాత్ర ధరించాడు. రచయిత లంకేశ్ నారణప్పగా, స్నేహలత చంద్రిగా నటించారు. ఛాయాగ్రహణం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్ చేపట్టాడు. కళా దర్శకత్వం ఎస్.జి. వాసుదేవ్‌ది; సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్‌ది. కార్యనిర్వాహక దర్శకుడుగా సింగీతం శ్రీనివాసరావు పనిచేశాడు. శృంగేరి ప్రాంతంలోని వైకుంఠపురం గ్రామంలో, నిజమైన అగ్రహారపు ఇళ్ళ మధ్య చిత్రీకరణ జరిగింది. నలుపు తెలుపు చిత్రం. పాటల సన్నివేశాలు లేవు. వేసిన సెట్టూ లేదు. ఖర్చు లక్ష రూపాయల లోపే.

ఈ పేర్ల జాబితాను ఇంకోసారి చదవాలి. దర్శకుడి మాతృభాష తెలుగు, చిత్రానువాద రచయిత ఇంటి భాష కొంకణి, కెమెరా పట్టినవాడికి ఇంగ్లీషు తప్ప మన భాషలు పరాయివి. కన్నడిగులైన నవలా రచయిత, నటులు, చిత్రకారుడు, సంగీతకారుడు వారితో కలిశారు. కన్నడ మాతృభాష కాని చేతులు ఇన్ని పడినా ఇది నిస్సందేహంగా కన్నడ చిత్రం. మలెనాడు నేల, అగ్రహారపు మాట, కన్నడ నవ్య సాహిత్యపు తర్కం దాని ప్రాణం.

మరి ఇందులో దర్శకుడి పాలు ఎంత? నవల ఒకరిది, చిత్రానువాదం మరొకరిది అయినప్పుడు ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. పఠాభి కవితలలో ‘నేను’ అన్న గొంతు చాలా పెద్దది. పాఠకుణ్ణి కవ్విస్తుంది, నవ్విస్తుంది. ‘సంస్కార’లో ఆ గొంతు ఎక్కడా వినిపించదు. చిత్రం గంభీరంగా, మెల్లగా, దాదాపు నిశ్శబ్దంగా సాగుతుంది. కవి అహంభావమంతా పక్కకు తప్పుకొని, ఒక్కొక్క పనిని ఆ పనికి తగిన మనిషి చేతిలో పెట్టి, వారందరినీ ఒక ఊళ్ళో ఉంచి, డబ్బు తానే సమకూర్చి, ఫలితానికి తాను బాధ్యత వహించాడు. అవాంగార్డ్ అన్న మాటను మనం ఒంటరి తిరుగుబాటుదారుడి బొమ్మతో ఊహించుకుంటాం. సినిమాలో మాత్రం అది చాలాసార్లు మనుషులను కూడగట్టే పనిగా ఉంటుంది. పట్టాభి చేసింది అదే.

ఇంకొక విషయం. స్టూడియో పద్ధతులను తిరస్కరించిన ఈ చిత్రం స్టూడియోలో నేర్చిన క్రమశిక్షణ మీదే నిలబడింది. కె.వి. రెడ్డి శిష్యుడైన సింగీతం పక్కన ఉండడం, పట్టాభికి నిర్మాతగా పదేళ్ళకు పైబడిన అనుభవం ఉండడం వల్లనే కొత్త నటులతో, చిన్న పెట్టుబడితో, స్టూడియోకు దూరంగా ఉన్న పల్లెలో పని పూర్తయింది. నవ్య చిత్రం పాత సినిమాకు పూర్తిగా బయట పుట్టిందన్న అభిప్రాయాన్ని ఈ ఉదాహరణ కొంత సవరిస్తుంది.

నిషేధం, బహుమతి, తరువాతి ఫలితం

చిత్రం మద్రాసు సెన్సారు బోర్డు ముందుకు వెళ్ళినప్పుడు ధ్రువపత్రం దొరకలేదు. ఒక వర్గం మనోభావాలు దెబ్బతింటాయనీ, కులాల మధ్య ఉద్రిక్తత వస్తుందనీ భయపడ్డారు. చివరకు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ జోక్యంతో నిషేధం తొలగింది. చిత్రం విడుదలై ప్రేక్షకాదరణ కూడా పొందింది. 1970 సంవత్సరానికి జాతీయ ఉత్తమ కథాచిత్రంగా రాష్ట్రపతి బంగారు పతకం లభించింది. ఈ గౌరవం పొందిన మొదటి కన్నడ చిత్రం ఇదే. 1972లో స్విట్జర్లాండులోని లొకార్నో చిత్రోత్సవంలో కాంస్య చిరుత బహుమతి కూడా వచ్చింది.

ఆ తర్వాత వరుసగా వచ్చిన చిత్రాలు చూస్తే ప్రభావం ఎంతటిదో తెలుస్తుంది. 1971లో బి.వి. కారంత్, గిరీష్ కర్నాడ్ కలిసి తీసిన ‘వంశవృక్ష’, 1973లో కర్నాడ్ ‘కాడు’, 1975లో కారంత్ ‘చోమన దుడి’, 1976లో లంకేశ్ ‘పల్లవి’, 1977లో గిరీష్ కాసరవళ్ళి ‘ఘటశ్రాద్ధ’. వీటిలో ‘చోమన దుడి’, ‘ఘటశ్రాద్ధ’ మళ్ళీ జాతీయ ఉత్తమ చిత్రాలయ్యాయి. ఏడెనిమిదేళ్ళ వ్యవధిలో ఒక ప్రాంతీయ భాషకు మూడుసార్లు ఈ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. 1971లో బెంగుళూరులో సుచిత్ర ఫిల్మ్ సొసైటీ ఏర్పడి ఈ చిత్రాలకు ప్రేక్షకులను తయారుచేసింది. ‘సంస్కార’లో నటించినవారు, రాసినవారు తామే దర్శకులై ముందుకు నడవడం ప్రత్యేకంగా గమనించదగినది.

కన్నడ సినిమాకు నెల్లూరుతో సంబంధం ఇది మొదటిసారి కాదు. 1934లో విడుదలైన ‘సతీ సులోచన’ కన్నడంలో తొలి టాకీ. దాని దర్శకుడు వై.వి. రావు నెల్లూరువాడే. కన్నడ తెరకు మాట వచ్చినప్పుడూ, ముప్ఫై ఆరేళ్ళ తర్వాత ఆ తెర తన దారి మార్చుకొన్నప్పుడూ నెల్లూరు మనిషి ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ మద్రాసు కేంద్రంగా దక్షిణాది సినిమా నడిచిన రోజుల్లో భాషల మధ్య గోడలు ఎంత పలచగా ఉండేవో ఈ రెండు ఉదాహరణలు చూపుతాయి.

స్నేహలత

ఈ చరిత్రలో అతి బాధాకరమైన ఘట్టం ఎమర్జెన్సీ నాటిది. 1976 మే నెలలో బరోడా డైనమైట్ కేసుకు సంబంధించి స్నేహలతను అరెస్టు చేసి బెంగుళూరు సెంట్రల్ జైలులో ఉంచారు. జార్జి ఫెర్నాండెజ్‌తో ఆ కుటుంబానికి ఉన్న స్నేహమే అందుకు కారణం. తుది అభియోగ పత్రంలో ఆమె పేరు లేదు. అయినా సుమారు ఎనిమిది నెలలు ఆమె జైలులోనే ఉంది. ఆమెకు తీవ్రమైన ఉబ్బసం. జైలులో జబ్బు ముదిరి 1977 జనవరి 15న పెరోల్ మీద విడుదలైంది. జనవరి 20న మరణించింది. ఆమె జైలు దినచర్య అదే సంవత్సరం పుస్తకంగా వచ్చింది. తన బాధకంటే తోటి ఖైదీ స్త్రీల స్థితి గురించి ఆమె పడిన ఆరాటం అందులో కనిపిస్తుంది.

తెలుగు స్త్రీల రాజకీయ చరిత్రలో గానీ, తెలుగు నటీమణుల చరిత్రలో గానీ స్నేహలతకు దక్కిన చోటు బహు స్వల్పం. ఆమె నటించింది ఇంగ్లీషు నాటకాలలో, కన్నడ చిత్రంలో, మరణించింది బెంగుళూరులో. భాషను బట్టి గీసుకొన్న హద్దులలో ఆమె ఎక్కడా ఇమడలేదు. ఆ లోపం ఆమెది కాదు.

పట్టాభి రెండవ చిత్రం ‘చండమారుత’ లంకేశ్ నాటకం ‘క్రాంతి బంతు క్రాంతి’ ఆధారంగా తయారై, ఎమర్జెన్సీ అనంతరం 1977లో వెలుగు చూసింది. అధికారం, విప్లవం, యువత దాని వస్తువులు. 1984లో ‘శృంగార మాస’, 1993లో ‘దేవర కాడు’ తీశాడు. అడవినీ దానిని నమ్ముకొన్నవారినీ గురించిన ‘దేవర కాడు’కు పర్యావరణ పరిరక్షణ విభాగంలో జాతీయ పురస్కారం లభించింది. పట్టాభి 2006 మే 6న బెంగుళూరులో కన్నుమూశాడు. నాలుగు చిత్రాలకు దర్శకత్వం వహించాడు; నాలుగూ కన్నడంలోనే.

తెలుగులోకి తిరిగివచ్చిన దారి

అయితే ‘సంస్కార’ ప్రభావం తెలుగుకు చేరలేదా? చేరింది, కానీ చుట్టు దారిన చేరింది.

ఒక దారి సింగీతం శ్రీనివాసరావుది. రాజాజీ రచన ఆధారంగా ఆయన 1974లో తమిళంలో ‘దిక్కట్ర పార్వతి’ తీశాడు. తాగుడు వల్ల చితికిన ఒక పల్లె కుటుంబం కథ అది. వైణికుడు చిట్టిబాబు దానికి సంగీతం సమకూర్చాడు. ఉత్తమ తమిళ చిత్రంగా అది జాతీయ బహుమతి పొందింది. 1977లో తెలుగులో ‘తరం మారింది’ తీశాడు. 1987లో మాటలే లేకుండా బెంగుళూరు నేపథ్యంలో ఆయన తీసిన ‘పుష్పక విమానం’ ప్రయోగమూ జనాదరణా ఒకే చోట ఉండగలవని చూపింది. పాటలూ సంభాషణలూ లేకపోతే సినిమా లేదన్న పరిశ్రమలో పెరిగినవాడు అంతటి సాహసానికి దిగడానికి ‘సంస్కార’ అనుభవం కొంతైనా తోడ్పడి ఉంటుందని ఊహించవచ్చు.

రెండవ దారి నటుల ద్వారా వచ్చింది. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీశాడు. అందులో ప్రధాన పాత్ర వెంకయ్యగా నటించినవాడు ఎం.వి. వాసుదేవరావు; ‘చోమన దుడి’లో చోమడుగా జాతీయ ఉత్తమ నటుడైన కన్నడ నటుడు. 1978లో శ్యామ్ బెనెగల్ తెలుగు, హిందీ భాషలలో తీసిన ‘అనుగ్రహం’ చిత్ర రచనలో గిరీష్ కర్నాడ్ పాలు ఉంది. కన్నడ నటుడు అనంతనాగ్ వాణిశ్రీ సరసన నటించాడు. బెనెగల్ కూడా కర్ణాటక మూలాలున్న కొంకణి కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో పెరిగినవాడే. 1974లో ‘అంకుర్’ కోసం తెలంగాణ పల్లెను తెర మీదకు తెచ్చిందీ ఆయనే. 1979లో తయారై 1980లో విడుదలైన ‘మా భూమి’కి దర్శకుడు బెంగాలీయుడైన గౌతమ్ ఘోష్, నిర్మాణ బాధ్యత బి. నర్సింగరావుది. ఆ అనుభవం నుంచి ఎదిగిన నర్సింగరావు 1988లో ‘దాసి’ తీశాడు. ‘సంస్కార’కు వాసుదేవ్ చేసిన పనివంటిది ‘దాసి’కి చిత్రకారుడు వైకుంఠం చేశాడు.

ఈ జాబితాలో ఒక విచిత్రమైన సమానత్వం ఉంది. తెలుగులో పేరొందిన తొలి నవ్య చిత్రాలలో కొన్నిటిని తెలుగు మాతృభాష కానివారు తీశారు. కన్నడంలో మొదటి నవ్య చిత్రాన్ని కన్నడం మాతృభాష కానివాడు తీశాడు. సొంత ఊరి ఆచారాన్ని కొంచెం ఎడంగా నిలబడి చూడడానికి పక్క ఇంటి మనిషి కన్ను ఉపకరించి ఉండవచ్చు. అయితే ఆ కన్ను ఒక్కటే చాలదు. కన్నడంలో పట్టాభి వెంట నవ్య సాహిత్యం, రంగస్థలం, ఫిల్మ్ సొసైటీ, రాష్ట్ర ప్రభుత్వపు సబ్సిడీ ఉన్నాయి. అందువల్ల ఒక చిత్రం ఉద్యమంగా మారింది. తెలుగులో ‘ఒక ఊరి కథ’, ‘మా భూమి’, ‘దాసి’ వంటివి గొప్ప చిత్రాలుగా నిలిచాయి గానీ, ఒకదాని వెనుక ఒకటిగా వరుస కట్టలేదు. మన నవలలూ కథలూ తక్కువైనవి కావు. వాటినీ తెరనూ కలిపే చోటు మనకు సరిగా ఏర్పడలేదు.

ఏం మిగిలింది

పట్టాభి కన్నడ సినిమాకు చేసినదాన్ని చూసి ‘మా తెలుగువాడే చేశాడు’ అని గర్వపడి ఊరుకోవడం సులభం. అది న్యాయం కాదు. ‘సంస్కార’ కన్నడిగుల చిత్రం. అనంతమూర్తి, కర్నాడ్, లంకేశ్, రాజీవ్ తారానాథ్, వాసుదేవ్‌ల చిత్రం. దాన్ని తెలుగు ఖాతాలో జమ కట్టుకోనక్కరలేదు. కానీ ఆ చిత్రం లేకుండా పఠాభిని చదవడమూ న్యాయం కాదు. 1939లో ఆయన భాషలో శుద్ధిని ప్రశ్నించాడు. 1970లో సమాజంలో శుద్ధిని ప్రశ్నించిన కథకు రూపం ఇచ్చాడు. మొదటిది అల్లరిగా, రెండవది మౌనంగా. ప్రశ్న మాత్రం ఒకటే. సినిమాలోకి వెళ్ళి కవి మాయమయ్యాడన్న మాట మన సాహిత్య చరిత్రలు ఇకనైనా సవరించుకోవాలి.

వలస వెళ్ళిన తెలుగువారిని గురించి మనం ఎక్కువగా అడిగే ప్రశ్న, వారు తెలుగును ఎంతవరకు నిలుపుకొన్నారని. దాని పక్కన మరొక ప్రశ్న కూడా ఉంచాలి: వారు వెళ్ళినచోట ఏమి ఇచ్చారు, ఏమి పుచ్చుకొన్నారు? బెంగుళూరులో ‘సంస్కార’ తరంవారు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు. లంకేశ్ 2000లో, అనంతమూర్తి 2014లో, కర్నాడ్ 2019లో, రాజీవ్ తారానాథ్ 2024లో మరణించారు. వారి ఆత్మకథలూ ముఖాముఖులూ కన్నడంలో, ఇంగ్లీషులో ఉన్నాయి. పట్టాభి, స్నేహలతల గురించి వాటిలో ఉన్న విషయాన్ని ఏరి తెలుగులోకి తెచ్చి, ‘ఫిడేలు రాగాల డజన్’ పక్కన పెట్టే పని మిగిలే ఉంది. రెండు భాషలు చదవగల బెంగుళూరు, అనంతపురం, బళ్ళారి, కోలారు విద్యార్థులు ఆ పనికి అందరికంటే తగినవారు.